వ్యూఫైండర్‌లో వంగిన గీత

కొత్త కెమెరాకు పాత లెన్స్ బిగించి బటన్ నొక్కితే, తెర మీద "లెన్స్ లేదు" అని వచ్చింది. నిరోష లెన్స్ విప్పి, మధ్యలో ఉన్న అడాప్టర్ రింగును కొంగుతో తుడిచి, మళ్లీ బిగించింది. మళ్లీ అదే మాట. అరచేతి నిండా బరువు తెలుస్తుంటే లేదంటుందేమిటని ఆమెకు కోపం, నవ్వు రెండూ వచ్చాయి. మెనూలన్నీ వెతగ్గా వెతగ్గా ఎక్కడో అడుగున ఒక సెట్టింగ్ దొరికింది. లెన్స్ కనపడకపోయినా షట్టర్ పడనివ్వాలట. అది మార్చాక గానీ కెమెరా ఆమె మాట వినలేదు.

నిజామాబాద్‌లో నిరోషను ఫోటోలకు పిలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. తొట్టెల ఫంక్షన్, పట్టుచీర ఫంక్షన్, ఒడిబియ్యం, సీమంతం, ఏదైనా సరే, లోపలి గదిలోకి వచ్చి తమలో ఒకతెలా తిరుగుతూ తీసే మనిషి కావాలంటే ఆమెకే ఫోన్ వచ్చేది. ఇల్లు పసుపు మార్కెట్ ఉండే గంజ్ వెనక వీధిలో. కింద భర్త రామ్‌దాస్ మెడికల్ షాపు, పైన కాపురం. పసుపు సీజన్ మొదలైతే బాల్కనీలో ఆరేసిన బట్టల మీద కూడా పసుపు దుమ్ము పడేది. ఆ దుమ్ముకు నిరోషకు దగ్గు పట్టుకునేది. రామ్‌దాస్ పొద్దున్నే చాయ్‌తో పాటు ఒక చిన్న గోలీ ఇచ్చేవాడు. అది వేసుకుంటే సాయంత్రం దాకా దగ్గు ఆమె జోలికి వచ్చేది కాదు.

లెన్స్ ఇచ్చింది బోధన్ ముత్తన్న. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో శక్కర్‌నగర్ దగ్గర ఆయనకు స్టూడియో ఉండేది. అది మూతబడి చాలా కాలమైంది. మనవరాలి పట్టుచీర ఫంక్షన్‌కు నిరోషను పిలిచినప్పుడు, ఆమె చేతిలో కొత్త మిర్రర్‌లెస్ కెమెరా చూసి ముచ్చటపడ్డాడు. "నా జపాన్ లెన్స్ దీనికి ఎక్కుతదా బిడ్డా?" అని అడిగాడు. రింగు కొంటే ఎక్కుతుందని ఆమె చెప్పింది. లోపలికి వెళ్లి మెత్తటి గుడ్డలో చుట్టిన లెన్స్ తెచ్చి చేతిలో పెట్టాడు. "ఊకె పెడ్తె బూజు పడ్తది. నువ్వు వాడుకో."

మొదటి వారం ఆ లెన్స్ ఆమెను పసిపిల్లను చేసింది. కెమెరాతో వచ్చిన లెన్స్ అయితే ఎవరి ముఖం కనిపిస్తే వారి కంటిని తనే పట్టుకునేది. ఇప్పుడు లెన్స్ చుట్టూ ఉంగరంలా ఉన్న పట్టీని వేళ్లతో తిప్పుతూ ఫోకస్ తనే వెతుక్కోవాలి. ఎక్కడ స్పష్టంగా ఉందో అక్కడ కెమెరా ఎర్రటి అంచు చూపించేది. కాస్త తిప్పితే ఆ ఎరుపు ముక్కు మీదికి, ఇంకాస్త తిప్పితే చెవి కమ్మ మీదికి జారిపోయేది. బాల్కనీలో నిలబడి గంజ్‌లోకి వెళ్లే ఆటోలను, బస్తాలు మోసే హమాలీలను, దారం పట్టుకుని సంచులు కుట్టే ఆడవాళ్లను తీస్తూ పొద్దంతా గడిపేసేది. "అన్నం తింటవా, గదే తింటవా?" అని రామ్‌దాస్ కింది నుంచి అరిచేవాడు.

రెండో వారంలో ఎదురుగా ఉన్న రేకుల షెడ్డు అంచు వంగి కనిపించింది.

వ్యూఫైండర్‌కు కన్ను ఆనిస్తే, తిన్నగా సాగాల్సిన రేకు అంచు మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కినట్టు లోపలికి పోయింది. పక్కనే కరెంటు స్తంభం చూసింది. అదీ అంతే. ఫోటో తీసి కంప్యూటర్‌లో చూస్తే మాత్రం రేకు, స్తంభం తిన్నగానే ఉన్నాయి. పాత లెన్స్ కదా, చూసేటప్పుడు అలా ఉంటుందేమో అనుకుంది. పసుపు రాశి కూడా వ్యూఫైండర్‌లో ఎండుగడ్డి రంగులో వెలిసిపోయి కనిపించేది. అదీ లెన్స్ గుణమే అనుకుంది.

నవీపేట్‌లో ఒక తొట్టెల ఫంక్షన్‌కు ధైర్యం చేసి ఆ లెన్స్‌తోనే తీసింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఒక్కొక్కటే తెరిచి చూసుకుంది. పసిబిడ్డ ముఖం ఒక్కదాంట్లోనూ స్పష్టంగా లేదు. ఒకదాంట్లో తొట్టె తాడు, ఇంకోదాంట్లో మేనత్త గాజులు మెరుస్తున్నాయి, బిడ్డ మాత్రం పొగలో ఉన్నట్టుంది. బిడ్డ నానమ్మ ఫోన్ చేసి, "మా పిల్లగాని మొఖమేది నిరోషా? నిన్ను పిలిచింది గాజుల కోసమా?" అని అడిగింది. అన్నేళ్ల పనిలో అలాంటి మాట పడటం ఆమెకు అదే మొదలు.

మర్నాడు ఉదయమే స్కూటీ మీద బోధన్ వెళ్లింది. ముత్తన్న వాకిట్లో కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు. నిరోష కూర్చోను కూడా లేదు.

"కాకా, ఈ లెన్స్ ఎప్పుడన్న కింద పడ్డదా? నిజం చెప్పు."

"పడుడేంది బిడ్డా?"

"గీతలన్ని వంకర కనిపిస్తున్నయి. ఫోకస్ ఒక్కతాన నిలుస్తలేదు. నవీపేట్‌ల నా ఇజ్జత్ పోయింది. ఖరాబైనదని తెల్సే ఇచ్చినవా నాకు?"

ముత్తన్న పేపర్ మడిచాడు. ఆయన ముఖం చిన్నబోయింది. "నా పిల్లల కన్న ఎక్కువ సూసుకున్న దాన్ని. పడ్డదుంటే పడ్డదని చెప్పకపోదునా? ఏది, ఇటియ్యి."

కెమెరా అందుకుని కిటికీ ఊచల వైపు పెట్టి చూశాడు. మొన్ననే రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది ఆయనకు. పట్టీ నెమ్మదిగా తిప్పాడు. "మంచిగనే ఉన్నయి గద, ఊచలు?"

"మల్ల సూడు."

"సూస్తున్న బిడ్డా. సక్కగ, నిలువుగ ఉన్నయి."

నిరోష కెమెరా లాక్కున్నట్టే తీసుకుని కన్ను ఆనించింది. మధ్య రెండు ఊచలూ నడుము దగ్గర వంగి, ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. "గిదేంది మరి? నీకు కనిపిస్తలేదా కాకా?"

"నాకైతె కనిపిస్తలేదు." ఆయన ఇంకా కెమెరా గురించే ఆలోచిస్తున్నాడు. "ఇందట్ల తెల్లగీతలు అడ్డం నిలువు గీసి ఉన్నయి గద, గవేంది? మా లెన్స్‌ల అసొంటియి లేకుండె."

"గవి లెన్స్‌లయి కావు. ఫోటో వంకర రావద్దని కెమెరానే గీసుకుంటది, తెర మీద."

"అట్లనా. గవి గూడ మంచి సక్కగున్నయి."

నిరోష మళ్లీ చూసింది. ఈసారి ఊచలను కాదు, ఆ తెల్లగీతలను. ఇన్నాళ్లూ వాటి వెనకున్న బొమ్మనే చూసింది తప్ప వాటిని చూడలేదు. మధ్యలో కలిసే చోట అవి కూడా వంగి ఉన్నాయి.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. కెమెరా గీసే గీత లెన్స్ వల్ల ఎలా వంగుతుంది? లెన్స్ తిప్పి విప్పేసింది. అడాప్టర్ కూడా తీసి ముత్తన్న చేతిలో పెట్టింది. ముందర గాజు అన్నదే లేని కెమెరాను కంటికి పెట్టుకుంది. లోపల అంతా తెల్లటి వెలుతురు, దాని మీద గీతలు. వంగే ఉన్నాయి.

"కెమెరా గూడ ఖరాబైందా..." అని గొణుక్కుంటూ, ఎందుకో తెలియకుండానే కెమెరాను ఎడమ కంటికి మార్చింది.

గీతలు దారం పట్టి లాగినట్టు తిన్నగా ఉన్నాయి.

కుడి కంటికి మార్చింది. వంగాయి. ఎడమకు. తిన్నగా. మళ్లీ కుడికి. కెమెరా దించి, ఎడమ కన్ను మూసుకుని ముత్తన్న వైపు చూసింది. ఆయన గడ్డం కనిపించింది, తల మీద తెల్లవెంట్రుకలు కనిపించాయి. ముక్కు ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ.

"కాకా," అంది. "నీ మొఖం కనిపిస్తలేదు."

ముత్తన్న లెన్స్‌ను కుర్చీలో పెట్టి లేచాడు. "ఏమైంది బిడ్డా? ఏమంటున్నవ్?"

"లెన్స్ కాదు కాకా. నా కన్ను."

ఆ తర్వాత ఆమె స్కూటీ తాళం తీసుకుంటే ఆయన వద్దన్నాడు. "బండి ఈడనే ఉండనియ్యి. బస్సుల పోదాం పా." చొక్కా మార్చుకోకుండానే చెప్పులు వేసుకుని ఆమె వెంట బస్సెక్కాడు. జానకంపేట దాటే వరకు నిరోష ఎడమ కంటి మీద అరచెయ్యి పెడుతూ, తీస్తూ, ముందు సీటు రాడ్‌ను చూస్తూనే ఉంది. ప్రతిసారీ ఈసారి తిన్నగా కనిపిస్తుందేమోనని ఆశ. పొద్దున్నే ఈ మనిషినే కదా అబద్ధాలకోరన్నట్టు మాట్లాడింది. ఇప్పుడు ఆయన పక్కన కూర్చుని బస్సు టికెట్లు గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. రెండు కళ్లూ తెరిస్తే అంతా మామూలుగానే ఉంది. పొలాలు, తాడిచెట్లు, దుకాణాల బోర్డులు. అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. ఎడమ కన్ను మంచిగా ఉండి కుడి కన్ను తప్పును కప్పిపెట్టింది. కెమెరాతో వచ్చిన లెన్స్ కూడా ఫోకస్ తనే చేసి, అదీ కప్పిపెట్టేదే.

నిజామాబాద్‌లో కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, స్కాన్ తీసి, బొమ్మ చూపించింది. కొండలా పైకి లేచిన ఒక పొర, దాని కింద నల్లటి ఖాళీ.

"కంటి వెనక పొర కింద నీరు చేరిందమ్మా. చిన్న బొబ్బ లాంటిది. పొర వంగింది కాబట్టి మీకు గీతలు వంగి కనిపిస్తున్నాయి. స్టెరాయిడ్ మందులేమన్నా వాడుతున్నారా?"

"లేదు మేడం."

"కీళ్ల నొప్పులకు? దగ్గుకు? ముఖానికి రాసుకునే క్రీములు?"

"దగ్గుకు ఒక గోలీ వేసుకుంట. గంతే."

"ఏ గోలీ? ఎవరు రాశారు?"

"రాసుడేం లేదు మేడం. మాది మెడికల్ షాపే. మా ఆయన ఇస్తడు." బ్యాగులోంచి చిన్న కాగితం పొట్లం తీసి ఇచ్చింది. రామ్‌దాస్ వారానికి సరిపడా మడిచి ఇచ్చే పొట్లం అది. డాక్టరమ్మ ఒక గోలీని వేళ్ల మధ్య తిప్పి చూసి, పేరు కనుక్కోమంది. నిరోష ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"ఇగో, నాకు పొద్దుగాల ఇచ్చే గోలీ పేరేంది?"

రామ్‌దాస్ షాపు సందడిలోంచే పేరు చెప్పాడు. "ఎందుకు, అయిపోయినయా? ఇంక రెండు ఏసి పంపాల్నా?"

డాక్టరమ్మ తల పైకెత్తింది. నిరోష ఫోన్ పెట్టేసింది.

"అది స్టెరాయిడేనమ్మా. ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన పసుపు సీజన్ల మొదలుపెట్టిన. ఆపితే దగ్గు వస్తుండె. మల్ల వేసుకుంటుంటి."

"దీనివల్లే వచ్చిందని రాసివ్వలేను. కానీ ఈ జబ్బుకీ దీనికీ సంబంధం ఉంది. ఇది వాడుతున్నంత కాలం తగ్గడం కష్టం. అలాగని రేపు పొద్దున ఒక్కసారే ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం. ఫిజీషియన్‌కు రాస్తాను, ఆయన మెల్లగా తగ్గిస్తారు. చాలామందికి కొన్ని నెలల్లో నీరు దానంతటదే ఇంకిపోతుంది."

"చూపు మొత్తం వస్తదా మేడం?"

"చూద్దాం," అంది డాక్టరమ్మ. నిరోష పొట్లాన్ని మళ్లీ బ్యాగులో పెట్టుకుంది.

ఇంటికి వచ్చేసరికి షాపు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె వాళ్ల మధ్యలోంచి వెళ్లి పొట్లాన్ని కౌంటర్ మీద పెట్టింది. చుక్కల వల్ల కళ్లు చెదురుతున్నాయి. రామ్‌దాస్ రూపం అలుక్కుపోయినట్టుంది.

"నాకేమిచ్చినవ్?"

ఆయన ఆమె ముఖం చూశాడు, వెనక ముత్తన్నను చూశాడు. వచ్చినవాళ్లను పంపించి షట్టర్ సగం దించాడు.

"డాక్టరమ్మ ఏమన్నది?"

"కంట్ల నీరు జేరిందట. కుడి కన్నుతోని మనిషి మొఖం కనిపిస్తలేదు నాకు. గా గోలీ స్టెరాయిడట. నీకు తెల్వదా?"

రామ్‌దాస్ పొట్లం మడత విప్పి, మళ్లీ మడిచాడు. "తెల్సు," అన్నాడు చివరికి.

"తెల్సి ఇచ్చినవా?"

"మొదట రెండు దినాలకే ఇచ్చిన. నువ్వు మంచిగున్నది, ఫంక్షన్‌ల ఒక్కసారి గూడ దగ్గు రాలే అన్నవ్. చిన్న డోసే, ఏంగాదనుకున్న. ఇచ్చుకుంట పోయిన."

దారి పొడవునా నిరోష తిట్టాల్సిన మాటలన్నీ కూడబెట్టుకుంది. చదువుకున్నవాడివి, ఊరందరికీ మందులిచ్చేవాడివి, కట్టుకున్నదాని కన్ను పోగొట్టావు అని. నోరు తెరిచేలోగా ఆయన తన చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఒక పొట్లం తీసి ఆమె పొట్లం పక్కన పెట్టాడు. అదే కాగితం, అదే మడత.

"నేను గూడ గదే ఏస్కుంటున్న నిరోషా. నీకంటే ముందుగాల నుంచి. దినమంతా గీ దుమ్ములనే కూసుంట గద."

ఆమె రెండు పొట్లాలనూ చూస్తూ ఉండిపోయింది. ముత్తన్న షట్టర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద పసుపు ట్రాలీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. మందుల డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చుంది.

"కాకా," అంది. "పొద్దుగాల నిన్ను అన్ని మాటలన్న..."

"గవన్ని ఇప్పుడెందుకు బిడ్డా? ముందుగాల ఇద్దరు పోయి రక్తం సూపిచ్చుకోండ్రి." ఆయన నీళ్ల సీసా ఆమె చేతికిచ్చి, బోధన్ బస్సు పట్టుకోవడానికి వెళ్లిపోయాడు. మర్నాడు ఎవరితోనో స్కూటీనీ, కుర్చీలో మిగిలిన లెన్స్‌నూ పంపించాడు.

రక్తపరీక్షలో రామ్‌దాస్‌కు చక్కెర బాగా ఎక్కువ ఉందని తేలింది. పొద్దున లేస్తే పదిమందికి షుగర్ గోలీలు అమ్మే మనిషి, తన వేలు ఒక్కసారి కూడా గుచ్చుకుని చూసుకోలేదు. కంట్లో మాత్రం ఏమీ లేదన్నారు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన నిరోష ముఖం చూడలేకపోయాడు. "నాకు రావాల్సింది నీకొచ్చింది," అన్నాడు. కొన్నాళ్లు ఇద్దరి మధ్యా అన్నం, చాయ్, మందుల వేళల మాటలే నడిచాయి. గోలీ సగం, పావు, రోజు విడిచి రోజు అంటూ తగ్గుతుంటే ఇద్దరికీ ఒళ్లు నొప్పులు, నీరసం. రాత్రి దగ్గు వస్తే ఒకరు లేచి ఇంకొకరికి వేడినీళ్లు పెట్టేవారు. తిట్టుకోవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అలా నీళ్లు అందించుకుంటూనే మెల్లగా మళ్లీ మాటలు మొదలయ్యాయి.

షాపులో డాక్టర్ చీటీ లేకుండా ఆ గోలీ ఇవ్వడం రామ్‌దాస్ మానేశాడు. అడిగేవాళ్లు తక్కువేం కాదు. గంజ్‌లో పసుపు చెరిగే గంగమణి ఒకరోజు కౌంటర్ మీద చెయ్యి కొట్టింది.

"ఎందుకియ్యవ్ పటేలా? గా గోలీ ఏస్తేనే నాకు పొద్దంత పని సాగుతది."

"అది మంచిది కాదవ్వా. కండ్లు పోతయి, ఒంట్లకు షుగర్ వస్తది."

"గన్ని దినాలు నువ్వే ఇచ్చినవ్ గద. గప్పుడు మంచిదెట్లయింది?"

పైనుంచి మెట్లు దిగుతున్న నిరోష ఆ మాట విని ఆగిపోయింది. గంగమణి ఇంకో షాపు వైపు విసురుగా నడుస్తుంటే వెంటపడి చెయ్యి పట్టుకుంది. పక్కన మూసి ఉన్న షాపు షట్టర్ ముందు నిలబెట్టి, ఒక్కో కన్నూ మూసి ఆ రేకు మడతలు చూడమంది. "సక్కగనే ఉన్నయి గదనే, ఏం పిచ్చి పట్టింది నీకు?" అని గంగమణి విసుక్కుంది. అయినా మర్నాడు రామ్‌దాస్ షాపు మూసి, ఆమెనూ ఇద్దరు హమాలీలనూ ఆటోలో పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. పని పోయిందని గంగమణి దారి పొడవునా తిట్టింది. ఆమెకు ఛాతీ ఎక్స్‌రే తీశాక, ఆ గోలీ కింద అణిగిపోయిన పాత ఊపిరితిత్తుల నిమ్ము ఒకటి బయటపడింది. ఆ రోజు నుంచి రామ్‌దాస్‌ను తిట్టడం ఆపి, వేళకు మందు వేసుకుంటున్నానని గంగమణి రోజూ వచ్చి ఆయనకే చెప్పిపోయేది.

వానాకాలానికి నిరోష కంట్లో నీరు చాలావరకు ఇంకింది. స్కాన్‌లో కొండ చదునయింది. మచ్చ పోయింది. గీతల్లో మాత్రం, బాగా వెతికితే, మధ్యన ఒక చిన్న నొక్కు మిగిలింది. అది పోవచ్చు, పోకపోవచ్చునంది డాక్టరమ్మ.

శ్రావణంలో వర్ని ఊరి నుంచి పెళ్లికి పిలుపు వచ్చింది. అప్పటికి ఆమె ఎడమ కన్నుతో తీయడం నేర్చుకుంటోంది. అది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడమే. ముక్కు కెమెరా వెనక తెరకు ఒత్తుకుంటుంది, చెమట అంటుకుంటుంది, చూపుడు వేలికి బటన్ అందాలంటే మోచెయ్యి ఎటో పోతుంది. కుడి కన్ను ఒక్కదాన్నే మూయడం ఆమెకు చేతకాదు. మూస్తే రెండూ మూసుకుంటాయి, లేదా ముఖమంతా వంకర పోతుంది.

పెళ్లికూతురు కావ్య పీట మీద కూర్చుని అది చూసి నవ్వాపుకోలేకపోయింది. "అక్కా, నాకు కన్నుగొడ్తున్నవా?"

"ఔ, నీకే. జర ఇటు సూడు."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. కావ్య నవ్వుతూనే తల తిప్పింది. నిరోష ముత్తన్న లెన్స్ పట్టీ తిప్పసాగింది. ఎర్రటి అంచు ముందు జడలోని పూల మీద పడింది, అక్కడి నుంచి చెవి కమ్మకు, చెంప మీది పసుపుకు జరిగింది. ఇంకొంచెం తిప్పింది. రెప్పవెంట్రుకల మీద ఆగింది. ఆమె ఊపిరి బిగపట్టి నొక్కింది. నమ్మకం చాలక, అక్కడే ఇంకోటి నొక్కింది.